మా ఇంటి కంప్యూటర్‌కి లోడ్ ట్రయల్

కూర్చోండి, టీ వస్తోంది. ఇడ్లీలు ఇంత మెత్తగా ఎలా వచ్చాయని అడిగారు కదా, ఆ సంగతి చెప్పాలంటే ముందు కంప్యూటర్ సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఆ రెండూ ఒకటే కథ.

ఇది తొంభై నాలుగో సంవత్సరం మాట. అప్పుడు నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, ఇంజిన్ షాపులో ఛార్జ్‌మన్‌ని, అంటే ఫిట్టర్ల మీద సూపర్‌వైజర్ని. క్వార్టర్ ట్రాఫిక్ కాలనీలో. పేరు గంగాధరరావే అయినా కాలనీలో అందరూ లోడ్ ట్రయల్ గంగాధరం అనేవారు.

ఓవర్‌హాలింగ్ అయి వచ్చిన ఇంజిన్‌కి బరువు తగిలించి నడిపి చూడటాన్ని మేము లోడ్ ట్రయల్ అంటాం. అది చేయకుండా దేని మీదా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. పెళ్ళిచూపుల్లో పిల్లని నీళ్ళ బిందె ఎత్తి చూపించమన్నానని మా అత్తగారు ఇప్పటికీ ఊరంతా చెబుతుంది. అది అబద్ధం. నేను అడిగింది ఖాళీ బిందె.

ఆ బిందె ఎత్తిన సూర్యకుమారి మా కాలనీలోనే తెలుగు మీడియం బడిలో టీచరు. పరీక్షలొస్తే అన్ని తరగతుల ప్రశ్నపత్రాలూ ఆవిడే కాపీలు తీసే స్టెన్సిల్ కాగితం మీద ఇనప కలంతో గీకాలి. పొద్దున్న రుబ్బురోలు, సాయంత్రం స్టెన్సిల్. రెండింటికీ కుడి చెయ్యే. ఆ ఏడు భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి పైకి లేవలేదు. డాక్టరు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. దాని బదులు ఎవరి చెయ్యి పనిచేయాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక ఆదివారం ఆవిడ తన జీతంలోంచి దాచుకున్న డబ్బు తీసి మంచం మీద పెట్టింది.

"రెండు మిషన్లు కొంటాను," అంది. "ప్రశ్నపత్రాలకి కంప్యూటరు. పిండికి గ్రైండరు. గోల్‌బజార్లో సూసి వచ్చినాను."

"రెండూ ఒకేసారి ఎందుకే?"

"భుజం ఒకటే కదండీ."

గ్రైండర్ల గురించి నాకేమీ తెలియదు. అందుకని కంప్యూటర్ కొనే బాధ్యత నేను తీసుకున్నాను.

మలంచా రోడ్డు మీద ఆమోసు కంప్యూటర్ దుకాణానికి వెళ్ళాం. ఆమోసు వాగన్ షాపు ఫిట్టర్ కొడుకు. మూడో తరగతిలో సూర్యకుమారి దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా ఆవిణ్ణి చూడగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ప్రాసెసర్ అనేది కంప్యూటర్‌కి ఇంజిన్ లాంటిదని, అందులో రెండు రకాలున్నాయని వివరించాడు. చిన్నది ఎస్సెక్సు, దాని వేగం ఇరవై అయిదు మెగాహెర్ట్జ్. పెద్దది డీఎక్సు, దాని వేగం అరవై ఆరు. ఆ నంబరు పెట్టె ముందు చిన్న కిటికీలో ఎర్రగా వెలుగుతుంది.

"ఇంట్లో రోజూ వాడుకోడానికి సిన్నది సాలు టీచరమ్మా," అన్నాడు. "పెద్దదాంట్లో లెక్కలు సేసే ముక్క ఒకటి ఎక్కువుంటాది. ఇంజినీర్లకి కావాల అది. ప్రశ్నపత్రానికి దాంతో పనేటి?"

రెండింటి ధరకీ మధ్య తేడా ఎంతని సూర్యకుమారి అడిగింది. అతను చెప్పాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"సరిగ్గా గ్రైండరు," అంది.

"ఇంజిన్ కొనేటప్పుడు హార్స్‌పవర్ దగ్గర పొదుపు పనికిరాదే."

"మనమేటి బోగీలు లాగుతామా?"

"రేపు ఏం లాగాల్సొస్తుందో ఎవరికి తెలుసు?"

"మూడో తరగతి తెలుగు వాచకం లాగాల. అది ఏ ఇంజినైనా లాగుతాది," అని ఆవిడ చిన్నదానికి డబ్బు కట్టేసింది.

నా కష్టం మీకు చెప్పాలి. అప్పటికి వారం ముందే, వర్క్‌షాపు గేటు దగ్గర టీ కొట్లో, నేను డీఎక్సు కొంటున్నానని చెప్పేసి ఉన్నాను. చెప్పింది ఎవరికనుకున్నారు, భద్రయ్యకి. భద్రయ్య అకౌంట్స్ ఆఫీసులో సీనియర్ గుమాస్తా, సుభాష్‌పల్లిలో సొంతిల్లు. మావాళ్ళలో మొదట డీఎక్సు కొన్నవాడు ఆయనే. అప్పటినుంచి మెగాహెర్ట్జ్ భద్రయ్య అయ్యాడు. ఎవరైనా నమస్కారం పెడితే అరవై ఆరు అని బదులిచ్చేవాడు. చిన్న ప్రాసెసర్ గురించి ఆయన అభిప్రాయం టీ కొట్టు మొత్తానికి తెలుసు. అది టైపుమిషన్‌కి టీవీ తగిలించినట్టు ఉంటుందట.

ఇరవై అయిదు పెట్టుకుని నేను ఆ టీ కొట్టుకి ఎలా వెళ్ళాలి? టీ మానేయాలి, లేదా నంబరు మారాలి.

దారి ఆమోసే చూపించాడు, పాపం తెలియక. సూర్యకుమారి కీబోర్డు మీద తెలుగు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటే, నాకు పెట్టె ముందున్న ఒక బటన్ చూపించాడు.

"దీన్ని టర్బో అంటారు సార్. నొక్కి ఉంటే ఫుల్ స్పీడు. మళ్ళీ నొక్కి పైకి వదిలీస్తే ఎనిమిదికి పడిపోతాది. పాత ఆటలు మరీ జోరుగా పరిగెడతాయని పెట్టినారు. మీకు దాంతో పని నేదు."

పనుందని నాకు వెంటనే తెలిసింది. పైగా అతను ఇంకో మాట కూడా అన్నాడు. పదిహేను రోజుల్లో చిన్నది చాలలేదనిపిస్తే, తేడా కట్టి పెద్దది పెట్టించుకోవచ్చట.

కంప్యూటర్ ఇంటికొచ్చిన మర్నాడే విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు వర్క్‌షాపంతా పండగ. లేత్ మిషన్ నుంచి సుత్తి దాకా అన్నింటికీ బొట్లు పెడతాం. ఇంట్లో కొత్త మిషన్‌కి పెట్టకపోతే బాగుండదని, పొద్దున్నే స్నానం చేసి గంధం తీశాను. టర్బో బటన్ నొక్కి పైకి వదిలాను. కిటికీలో ఎనిమిది వెలిగింది. ఆ ఎనిమిది మీద అరచెయ్యంత మేర గంధం మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టాను.

"ఇంత గంధమేటండీ?" అంది సూర్యకుమారి. "స్కూటర్‌కి కూడా ఇంత పెట్టనేదు."

"విద్యకి సంబంధించిన వస్తువు కదే," అన్నాను.

ఇరవై మూడేళ్ళ కాపురంలో నా భక్తి చూసి ఆవిడ ముచ్చటపడటం అదే మొదటిసారి.

ఆ రోజు నుంచీ కంప్యూటర్ నా అంచనాకి తగ్గట్టే నడిచింది. ఆవిడ క నొక్కితే, మిషన్ కాసేపు ఆలోచించి క వేసేది. గుణింతం ఇస్తే ఇంకాస్త ఆలోచించేది. పేజీ కిందకి జరపమంటే తెర పైనుంచి కిందకి తుడుచుకుంటూ, ఇల్లు అలికినట్టు వచ్చేది. నేను పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ నిట్టూర్చేవాణ్ణి.

"దుకాణంలో బాగానే ఉంది కదండీ?"

"దుకాణంలో అన్నీ బాగానే ఉంటాయే. లైను మీదకొస్తేనే ఇంజిన్ సంగతి తెలుస్తుంది."

నాలుగు రోజులైనా ఆవిడ పెద్దది కావాలని అనలేదు. అక్షరం వచ్చేలోపు పక్కన కూరగాయలు తరుక్కునేది. అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరపడుతున్నాయి, ఆరు ప్రశ్నపత్రాలు కావాలి, అయింది ఒకటిన్నర. ఇలా అయితే ఆవిడ మళ్ళీ స్టెన్సిల్ తీస్తుందే తప్ప డీఎక్సు అనదని నాకు భయం పట్టుకుంది. అందుకని ఆదివారం లోడ్ ట్రయల్ ప్రకటించాను.

మాలో ఒక పద్ధతి ఉంది. ఏ ట్రయల్ అయినా నడిపినవాడు, పరీక్షించినవాడు, చూసినవాడు ముగ్గురూ సంతకం పెడితేనే అది జాయింట్ నోట్ అవుతుంది. జాయింట్ నోట్ అయ్యాక దాన్ని మార్చే మొనగాడు రైల్వేలో లేడు. నడిపే మనిషి సూర్యకుమారి. పరీక్షకుణ్ణి నేను. సాక్షిగా భద్రయ్యని పిలిచాను. నా ఇంట్లో చిన్న ప్రాసెసర్ ఉందని ఆయనకి ఒప్పుకోవడం కష్టమే అయింది కానీ, దాన్ని పంపించేయడానికే పిలుస్తున్నానని చెప్పాక ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

ట్రయల్ అన్న మాట కాలనీలో పడితే ఆగదు. పక్క క్వార్టర్ హైమవతి వచ్చింది, ఆవిడ వెనక వరసలోవాళ్ళు వచ్చారు. ముందుగదిలో పదమూడు మంది, నాలుగు కుర్చీలు. ఒకాయన రైలు బయల్దేరేది ఎన్నింటికని అడిగాడు. నేను షాపు నుంచి తెచ్చిన స్టాప్‌వాచ్ భద్రయ్య చేతికిచ్చి, చెయ్యి ఊపాను.

సూర్యకుమారి ప్రశ్నపత్రం మొదలుపెట్టింది. 'ఈ క్రింది ఖాళీలను పూరింపుము' అన్న వాక్యం తెర మీదకి పూర్తిగా వచ్చేసరికి, ఖాళీల్లో ఏమేం రావాలో గదిలో అందరూ చెప్పేశారు. భద్రయ్య స్టాప్‌వాచ్ చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. అంతా నేననుకున్నట్టే జరుగుతోంది.

అప్పుడు భద్రయ్య తెరని దగ్గరగా చూద్దామని ముందుకి వంగాడు. ఆయన మోచెయ్యి పెట్టెకి తగిలింది. టిక్కుమంది. ఒక్కసారిగా అక్షరాలు చకచకా వచ్చి పడ్డాయి. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న, జతపరచుము అన్నీ వచ్చేశాయి.

"అరె, పుంజుకుంది," అంది హైమవతి.

నేను కుర్చీ లోంచి లేచిన వేగం డీఎక్సుకి కూడా ఉండదు. "వేడెక్కిందేమో చూస్తాను," అని పెట్టె మీద అరచెయ్యి వేసి, ఎవరికీ తెలియకుండా చిటికెన వేలితో బటన్ నొక్కాను. మిషన్ మళ్ళీ ఆలోచనలో పడింది.

సూర్యకుమారి నా చిటికెన వేలి వైపు చూసింది. గంధం అంటుకుందేమో అనుకుని నేను పంచెకి తుడుచుకున్నాను.

జాయింట్ నోట్ నేనే రాశాను. 'లాగే శక్తి చాలదు. మెయిల్ సర్వీసుకి పనికిరాదు. యార్డులో షంటింగ్‌కి మాత్రమే వాడవచ్చు.' ముగ్గురం సంతకాలు పెట్టాం. సూర్యకుమారి రెండుసార్లు చదివి మరీ పెట్టింది. జనం టీ తాగి వెళ్ళిపోయారు.

"అయితే పెద్దదే తెచ్చీద్దాం," అంది ఆవిడ.

"నీ ఇష్టం. నేనేం బలవంతం చెయ్యను."

"గ్రైండరు ఒగ్గీస్తాను మరి. రోలు ఎలాగూ ఉంది."

ఆ మాట అంటూ ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. నాకు సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. ఉన్న మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. టీ కొట్టు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

సోమవారం ఆవిడ బడికి సెలవు పెట్టి, రిక్షాలో కంప్యూటర్ పెట్టుకుని తనే ఆమోసు దగ్గరికి వెళ్ళింది. నేను వస్తానంటే, మీకు డ్యూటీ ఉంది కదా అంది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి కంప్యూటర్ బల్ల మీద ఉంది. గంధం శుభ్రంగా కడిగేసి ఉంది. కిటికీలో ఎర్రగా అరవై ఆరు.

నేను చెప్పులు బయటే విప్పి లోపలికొచ్చాను.

సూర్యకుమారి టైపు చేసి చూపించింది. క నొక్కక ముందే వచ్చిందా అనిపించింది. తెర టకటకా జరిగింది. నాకు కళ్ళు చెమర్చాయి.

"సూశారా తేడా?" అంది.

"ఇంజిన్ అంటే ఇదే. ఆ చప్పుడు విను, ఎంత గంభీరంగా ఉందో. చిన్నది గొణిగేది."

"అలగే ఉంది," అంది ఆవిడ. "మరి దీనికి ట్రయల్ సెయ్యరా? సంతకం నేని మిషన్ మీరు నడపరు కదేటి."

ధర్మమే కదా. వచ్చే ఆదివారం మళ్ళీ భద్రయ్య, మళ్ళీ స్టాప్‌వాచ్. ప్రశ్నపత్రం మొత్తం పావుగంటలో అయిపోయింది. భద్రయ్య తన మిషన్ కూడా సరిగ్గా ఇంతేనని, ఒక్క సెకను తేడా ఉండదని ఒప్పుకున్నాడు. అరవై ఆరుకి అరవై ఆరు అని ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

ఈసారి నోట్ సూర్యకుమారి చెప్పింది, నేను రాశాను. 'ఈ ప్రాసెసర్‌ని బరువు తగిలించి పరీక్షించడమైనది. ఇంటి అవసరాలన్నింటికీ ఇది పూర్తిగా సరిపోతుంది. ఇంతకు మించినది ఈ ఇంటికి అవసరం లేదు.' చివరి వాక్యం ఎందుకని అడిగాను.

"రేపు ఇంకో పెద్దది వస్తాది. మళ్ళీ మీకు టీ దిగదు," అంది.

ఆవిడకి టీ కొట్టు సంగతి ఎలా తెలుసో అప్పుడు ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పెద్ద సంతకమే పెట్టాను, కింద హోదాతో సహా. భద్రయ్య, తన మిషన్‌కీ దీనికీ ఒక్క సెకను తేడా లేదని రాసి, సాక్షి సంతకం పెట్టాడు. ఆవిడ కాగితం మడిచి తన పెట్టెలో దాచుకుంది.

ఆ తర్వాత నెల రోజులు నా జీవితంలో స్వర్ణయుగం. టీ కొట్లో ఎవరు నమస్కారం పెట్టినా భద్రయ్యా నేనూ ఒకేసారి బదులిచ్చేవాళ్ళం. చిన్న ప్రాసెసర్ కొందామనుకున్న ఇద్దరు ముగ్గుర్ని ఇంటికి తీసుకొచ్చి మాది చూపించాను. చూసి, పెద్దదే నయం అనుకుంటూ వెళ్ళారు.

ఇంట్లో కూడా మార్పొచ్చింది. ఇడ్లీలు దూదిలా రావడం మొదలుపెట్టాయి. తెల్లారగట్ల రోలు చప్పుడు వినబడటం లేదు. హైమవతి వాళ్ళ గోడ అవతల మాత్రం ఏదో గుర్రుమంటూ ఉండేది. పాత ఫ్యాను అనుకున్నాను. సూర్యకుమారి జడ మళ్ళీ రెండు చేతులతో వేసుకుంటోంది.

"చూశావా," అన్నాను ఒకరోజు, నాలుగో ఇడ్లీ తింటూ. "ప్రాసెసర్ పెద్దదైతే కంప్యూటర్ పని తొందరగా తెములుతుంది. ఆ మిగిలిన టైములో నువ్వు పప్పు ఎంత నిదానంగా రుబ్బుతున్నావో. అదంతా ఈ ఇడ్లీలో తెలుస్తోంది."

"నిజమే," అంది. "అంతా ప్రాసెసర్ మహిమే."

దీపావళి ముందు భద్రయ్య ఒక ఫ్లాపీ తెచ్చాడు. వాళ్ళ మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఇంటి ప్లాను గీసే ప్రోగ్రామ్ ఇచ్చాడట. తన ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తోందని, నాకూ చూపిద్దామని వచ్చాడు. ఫ్లాపీ పెట్టాం. మిషన్ కాసేపు కరకరలాడింది. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఇందులో లెక్కలు చేసే ముక్క లేదు కనక నేను నడవను అని దాని సారాంశం.

భద్రయ్య దాన్ని ఒకసారి లోపల చదువుకున్నాడు, రెండోసారి పైకి చదివాడు.

"గంగాధరం, ఇది ఎస్సెక్సు," అన్నాడు.

"నంబరు చూడవయ్యా, అరవై ఆరు వెలుగుతుంటే," అన్నాను. కానీ నా గొంతు అప్పటికే ఎనిమిదికి పడిపోయింది. స్కూటర్ తాళాలు తీసుకున్నాను. "ఆ ఆమోసుగాణ్ణి ఇవాళ వదల్ను. డబ్బు పెద్దదానికి తీసుకుని చిన్నది అంటగడతాడా?"

"అబ్బాయినేటీ అనకండి," అంది సూర్యకుమారి, వంటింట్లోంచి వస్తూ. "నేను పెద్దదానికి డబ్బే ఇవ్వనేదు."

భద్రయ్య కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"ఆ కిటికీలో నంబరు కొలిసి సూపించేది కాదంట," అని ఆవిడ బడిలో పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఎనకాల సిన్న పుల్లలుంటాయి. వాటిని ఎలా గుచ్చితే ఆ నంబరు ఎలుగుతాది. అరవై ఆరు కావాలంటే అరవై ఆరు. తొంభై తొమ్మిదన్నా పెట్టీస్తానన్నాడు. నేనే, వద్దు, మా ఆయన తట్టుకోలేరన్నాను."

"మరి స్పీడో?"

"బటన్ నొక్కినాం."

హైమవతి వాళ్ళ గోడ అవతల గుర్రు మళ్ళీ మొదలైంది.

"ఏ బటన్?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"ట్రయల్ నాడు మీ సిటికెన వేలు ఎక్కడెట్టినారో, ఆ బటన్. మర్నాడు గంధం కడిగితే కింద ఎనిమిది కనిపించినాది. దుకాణంలో ఇరవై అయిదు సూసినాను నేను. మిషన్‌కి జొరమొచ్చినా అంత దిగదు కదేటి. ఆమోసుని అడిగితే అంతా సెప్పీసినాడు."

భద్రయ్య నా వైపు చూశాడు. ఆయన మొహంలో రేపటి టీ కొట్టు స్పష్టంగా కనిపిస్తోంది. నేను చివరి ప్రయత్నంగా అన్నాను.

"నన్ను నెల రోజులు మోసం చేస్తావా?"

ఆవిడ లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి కాగితం తెచ్చింది. విప్పి బల్ల మీద పెట్టింది. ఇంటి అవసరాలన్నింటికీ పూర్తిగా సరిపోతుంది. ఇంతకు మించినది అవసరం లేదు. పరీక్షించినవారు, గంగాధరరావు, ఛార్జ్‌మన్. సాక్షి, భద్రయ్య, సీనియర్ గుమాస్తా, ఒక్క సెకను తేడా లేదని చేతిరాతతో సహా.

"మీరు ట్రయల్ సేసింది సిన్నదాన్నే," అంది. "ఇద్దరూ సదివి సంతకం పెట్టినారు."

భద్రయ్య తన సంతకాన్ని చాలాసేపు చూసుకున్నాడు. తన పెద్దదానికీ మా చిన్నదానికీ ఒక్క సెకను తేడా లేదని ఆయన రాసిచ్చిన కాగితం అది. ఫ్లాపీ జేబులో పెట్టుకుని లేచాడు. ఈ సంగతి టీ కొట్లో రాకుండా ఉంటే ఇద్దరికీ మంచిదని గుమ్మం దగ్గర మెల్లగా అన్నాడు. ఆ రోజు నుంచి నమస్కారం పెడితే నమస్కారమే పెట్టేవాడు.

ఆయన వెళ్ళాక నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆవిడ జడ ముందుకేసుకుని, చివర ముడి విప్పి మళ్ళీ గట్టిగా కట్టుకుంది. రెండు చేతులూ సులువుగా కదిలాయి. ఆ నెలంతా నేను చూస్తూ కూడా చూడనిది అదేనని అప్పుడు తెలిసింది. నేను గెలిచి ఉంటే ఆ చెయ్యి ఇంకా రోలు తిప్పుతూనే ఉండేది.

"తప్పైపోయింది సూర్యం," అన్నాను.

"లెగండి మరి. హైమవతి వొదినింట్లో ఎన్నాళ్ళని దాస్తాం? బరువుంటాది, నావల్ల కాదు."

నేనే మోశాను. లోడ్ ట్రయల్ గంగాధరానికి అంత లోడు ఎప్పుడూ పడలేదు. గ్రైండర్ని వంటింట్లో దించాక ఆవిడ గంధం గిన్నె నా చేతికిచ్చింది. కొత్త మిషన్ కదా, బొట్టు పెట్టమంది. నేను వేలు ముంచి వంగాను. ఆవిడ పక్కనే నిలబడి నా చిటికెన వేలి వైపే చూస్తోంది.

"స్విచ్చి మీద మాత్రం పెట్టకండి," అంది.